రావులపాలెం దారిలో మిల్లీసెకన్లు

రావులపాలెం నుంచి హైదరాబాదు రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగుకు కిలోమీటరు దాటడానికి 5 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ఇక్కడి మాట అక్కడికి 2 మిల్లీసెకన్లలో చేరాలి. కేబుల్ కాస్త చుట్టు తిరిగి వెళ్లిందనుకున్నా మూడో, నాలుగో. కానీ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయితో ఇంటర్నెట్ కాల్ మాట్లాడుతుంటే ఇటు నోటి మాట అటు చెవిన పడడానికి నూరు మిల్లీసెకన్లు పట్టడం మామూలు సంగతే. దూరం ఖాతాలో నాలుగు వేసినా ఇంకా తొంభై ఆరు మిగిలాయి. అవెక్కడ ఖర్చయ్యాయి?

లైను స్లోగా ఉందనేది అందరూ చెప్పే జవాబు. నిజానికి ఆ తొంభై ఆరులో పెద్ద వాటా ఇంజనీర్లు తెలిసి, కావాలని పెట్టిన ఆలస్యం. అది పెట్టకపోతే మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. టెలికాం రంగంలో పాతికేళ్లుగా సాగుతున్న ఒక పెద్ద మార్పుకు మూలసూత్రం ఇందులోనే ఉంది: నిలకడ కావాలంటే కొంత ఆలస్యాన్ని చెల్లించుకోవాలి. ఎంత చెల్లించాలన్నదే లెక్క.

08855 కోడ్ కలిపి ఈ ఊరి ల్యాండ్‌లైన్లకు ఫోన్ చేసిన రోజుల్లో ఈ బేరం లేదు. డిజిటల్ ఎక్స్ఛేంజి మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్ల అంకెగా రాస్తుంది. అలెక్ రీవ్స్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1938లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఒక సంభాషణకు సెకనుకు 64 వేల బిట్లు. అలాంటివి ముప్పై, వాటికి తోడు సమయం కలపడానికి ఒకటి, రింగు వంటి సంకేతాలకు ఒకటి, మొత్తం 32 వంతులను ఒకే తీగ మీద వరసగా పంపితే సెకనుకు 20 లక్షల 48 వేల బిట్లవుతుంది. మన దేశంలో టెలిఫోను వాళ్లు ఈ-1 అని పిలిచే లైను ఇదే. ప్రతి 125 మైక్రోసెకన్లకూ ప్రతి సంభాషణకూ తన వంతు వస్తుంది. ఆ మనిషి మాట్లాడకుండా ఊరుకున్నా ఆ వంతు ఇంకొకరికి పోదు. వృథా నిజమే గానీ, మాట ఎప్పుడు బయల్దేరిందో ఎప్పుడు చేరుతుందో ముందే తెలుసు. దీన్నే సర్క్యూట్ అంటారు.

ప్యాకెట్ నెట్‌వర్క్ తీరు వేరు. ఇక్కడ ఎవరికీ వంతు కేటాయించి ఉండదు. డేటాను మూటగట్టి, మీద చిరునామా రాసి వదిలేస్తారు. దారిలో ప్రతి రూటరూ దాన్ని తీసుకుని, చూసి, ఖాళీ ఉంటే వెంటనే, లేకపోతే వరసలో నిలబెట్టి ముందుకు పంపుతుంది. వృథా తక్కువ కాబట్టి చవక. ఆ చవక ముందు సర్క్యూట్లు నిలబడలేదు. ల్యాండ్‌లైన్లు తీయించేసిన ఇళ్లలో ఇప్పుడు ఫైబర్ పెట్టె ఉంది. దాని మీదే టీవీ, ఫోను, నెట్టు అన్నీ ప్యాకెట్లే.

అలాగని పాత యంత్రాలన్నీ ఒక్క రోజులో పోలేదు. 2జీ టవర్లు తమ నియంత్రణ కేంద్రంతో మొదటినుంచీ మాట్లాడింది ఈ-1 భాషలో. చిన్న బటన్ ఫోను వాడే పెద్దవాళ్లున్నంత కాలం వాటి అవసరం తీరదు. విద్యుత్ సబ్‌స్టేషన్లలో, గ్యాస్ పైపులైన్ల నియంత్రణలో, రైల్వే కంట్రోల్ ఫోన్లలో కూడా ఆ భాషే చాలాకాలం నడిచింది, కొన్నిచోట్ల ఇంకా నడుస్తోంది. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ మాత్రం ప్యాకెట్‌కు మారిపోయింది. కనుక రెండు చివర్లా ఒక్కో పెట్టె పెట్టి, ఈ-1 బిట్లను ఇటు మూటకట్టి అటు విప్పుతారు. చివర్లలోని పాత యంత్రాలకు మధ్యలో తీగ మారిన సంగతే తెలియకూడదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సంస్థ ఇందుకు 2006లో 4553 నంబరు పత్రాన్ని, 2007లో 5086 నంబరు పత్రాన్ని విడుదల చేసింది. మొదటిదానికి సంపాదకులు అలెగ్జాండర్ వైన్‌స్టైన్, యాకోవ్ స్టైన్. ఇద్దరూ ఇజ్రాయెల్ కంపెనీల ఇంజనీర్లు.

మూట ఎంత పెద్దది కట్టాలన్న దగ్గరే మొదటి తగువు. 4553 పత్రం ఈ-1కు సూచించే మామూలు కొలత 256 బైట్లు. ఈ-1 వేగంలో అంత డేటా పోగవడానికి సరిగ్గా 1 మిల్లీసెకను పడుతుంది. అంటే సెకనుకు వెయ్యి మూటలు. ఒకే ఒక్క సంభాషణను పంపాలంటే డేటా అంత జోరుగా పోగవదు. అక్కడ 5086 పత్రం 8 మిల్లీసెకన్లు ఆగి 64 బైట్లు పోగుచేయమంటుంది. ఇంటర్నెట్ ఫోన్లు సాధారణంగా 20 మిల్లీసెకన్లు ఆగుతాయి. మన తొంభై ఆరులో మొదటి ఇరవై ఇక్కడ పోయాయి. మూట చిన్నది కడితే ఆలస్యం తగ్గుతుంది, కానీ లోపలి సరుకు కంటే పైన రాసే చిరునామాల బరువే ఎక్కువవుతుంది.

1980ల చివర్లో ఏటీఎం అనే నెట్‌వర్క్ పద్ధతి కోసం ఇదే విషయం మీద దేశాలు వాదించుకున్నాయి. మూటలో సరుకు 64 బైట్లుండాలని అమెరికా పట్టుబట్టింది. 32 చాలని ఫ్రాన్స్ తదితర యూరప్ దేశాలు అడ్డం తిరిగాయి. ఆలస్యం పెరిగితే తమ ఫోన్లలో ప్రతిధ్వని వినిపిస్తుందనీ, దాన్ని చంపే పరికరాలు దేశమంతా కొనాల్సి వస్తుందనీ వాళ్ల భయం. చివరికి రెండింటికీ మధ్యన 48 దగ్గర రాజీ కుదిరింది. సాంకేతికంగా ఆ అంకెకు ఏ విశేషమూ లేదు. పంచాయితీ తీర్పు అంతే.

ఆలస్యమంటే ఏమిటో కోనసీమకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కువైట్‌కో మస్కట్‌కో వెళ్లినవాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఉపగ్రహం మీదుగా వచ్చిన కాల్స్ గుర్తున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. "ఏమండీ, వినపడుతోందా?" అని ఇటునుంచి అడిగి, జవాబు రాకపోయేసరికి మళ్లీ అడిగేలోపు అటునుంచి "ఆఁ, చెప్పు" అని పడేది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవారు. నిమిషానికి ఇంత అని డబ్బు పోస్తూ ఈ తంతు. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహానికి వెళ్లి దిగి రావడానికే మాటకు 240 మిల్లీసెకన్లు పడుతుంది. అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫారసు జి.114 ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మామూలు సంభాషణకు ఇబ్బంది ఉండదు. ఇంజనీరు చేతిలో ఉన్న బడ్జెట్ అదే. ప్రతి ఖర్చూ ఆ నూటయాభైలోనే సర్దుకోవాలి.

స్థిరమైన ఆలస్యం అంత చెడ్డదేమీ కాదు. ప్రతి మూటా సరిగ్గా 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే, మొదటి మూట తర్వాత అంతా సాఫీగానే నడుస్తుంది. చిక్కంతా ఒకటి 30కి, తర్వాతది 47కి, ఆ తర్వాతది 31కి రావడంలో ఉంది. ఈ ఎగుడుదిగుడునే జిట్టర్ అంటారు.

అది ఎక్కడ పుడుతుంది? రూటర్ల ముందు వరసల్లో. వాయిస్ మూటకు ముందు నిలబడ్డ 1,500 బైట్ల వీడియో మూట సెకనుకు 2 మెగాబిట్ల లైను మీదకు ఎక్కడానికి 6 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 10 మెగాబిట్ల మైక్రోవేవ్ లింకు మీద 1.2 మిల్లీసెకన్లు. ఒక గిగాబిట్ ఫైబర్ మీద 12 మైక్రోసెకన్లే. లైను పెద్దదైతే జిట్టర్ తగ్గుతుందన్న మాట ఇంతవరకు నిజం. రెండో మందు ప్రాధాన్యం. వాయిస్ మూటల మీద 46 అనే అంకె రాస్తే, దాన్ని గౌరవించేలా అమర్చిన రూటర్లు వాటిని వరస తప్పించి ముందుకు తెస్తాయి. అయినా అప్పటికే లైను మీదకు ఎక్కడం మొదలుపెట్టిన పెద్ద మూటను సగంలో దింపడం మామూలుగా కుదరదు. అది పూర్తిగా పోయేదాకా ఎంత ముఖ్యమైన మూటైనా ఆగాల్సిందే. సగంలో ఆపి, తర్వాత మిగతాది పంపే ప్రమాణం 2016లో వచ్చింది. ఫ్యాక్టరీల్లో, కార్లలో దాని వాడకం ఎక్కువ. ఊళ్లకు వచ్చే లైన్లలో ఇంకా అరుదు.

ఇన్ని చేసినా మిగిలే జిట్టర్‌ను చివరి పెట్టె మింగాలి. ఆ పని ఎలా చేస్తుందో తెలియాలంటే రావులపాలెం అరటి మార్కెట్ యార్డు చూడాలి. లంక గ్రామాల నుంచి కర్పూరం, చక్కెరకేళి, బొంత గెలలు సైకిళ్ల మీదా ఆటోల మీదా వస్తాయి. ఒకాయన తెల్లారకుండానే వస్తాడు. ఇంకొకాయన సైకిలు గౌతమి గట్టు మీద పంచరవుతుంది. లోడెత్తేవాళ్ల చేయి మాత్రం ఒకే ఊపులో ఆడాలి, లారీ ఒడిశాకో బిహారుకో అనుకున్న వేళకు కదలాలి. అందుకే మొదటి గెల రాగానే లోడు మొదలుపెట్టరు. కొంత సరుకు పోగయ్యేదాకా ఆగుతారు. ఒకసారి మొదలుపెట్టాక, ఎవరో పావుగంట ఆలస్యమైనా కింద ఉన్న నిల్వ ఆ లోటు కప్పేస్తుంది. నిల్వ మరీ తక్కువ పెట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. భయపడి మరీ ఎక్కువ పెట్టుకుంటే దిగే ఊళ్లో కాయ మగ్గిపోతుంది. జిట్టర్ బఫర్ చేసే పనీ, పడే యాతనా ఇవే. 5 మిల్లీసెకన్ల నిల్వ ఉంటే 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చిన మూటను కూడా లోకానికి తెలియకుండా సర్దేస్తుంది. ఆరో మిల్లీసెకనులో వచ్చినదాన్ని మాత్రం పారేయాల్సిందే, ఎందుకంటే దాని వంతు దాటిపోయింది. దాని బదులు వరసగా ఒకట్లు నింపి పంపుతుంది. అటుపక్క యంత్రం దాన్ని లైను తెగినట్టు లెక్కేసి అలారం మోగించవచ్చు.

వాట్సాప్ వంటి కాల్స్ ఇక్కడ ఒక తెలివి చూపిస్తాయి. మనం మాటల మధ్య ఆగినప్పుడు ఆ నిశ్శబ్దాన్ని కాస్త సాగదీసో, కుదించో బఫర్‌ను సర్దుకుంటాయి. మనిషి చెవి దాన్ని పట్టించుకోదు. తొంభై ఆరులో నలభై, యాభై దాకా ఈ బఫరే తీసుకుంటుంది. ఫోను మైకు, స్పీకరు, శబ్దాన్ని కుదించే ప్రోగ్రాము మిగతాది పంచుకుంటాయి. ఈ-1కు ఆ వెసులుబాటు లేదు. దానికి నిశ్శబ్దం కూడా బిట్లే. సెకనుకు 20,48,000 బిట్లు వచ్చితీరాలి. ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. నా లెక్కలో ఈ కథలో జిట్టర్ కంటే లోతైన సమస్య ఇదే. సెకనుకు అన్ని బిట్లు అన్నాం సరే, ఎవరి గడియారం ప్రకారం సెకను? పాత ఈ-1 తీగలో బిట్ల లయే గడియారం. అటు చివర ఎంత వేగంతో పంపితే ఇటు చివర అంతే వేగం తెలిసిపోయేది. ప్యాకెట్లుగా ముక్కలు చేయడంతో ఆ లయ పోయింది. రావులపాలెం వైపు పెట్టె తన సొంత గడియారంతో బిట్లు పంపుతోంది, రాజమండ్రి వైపు పెట్టె తన సొంత గడియారంతో తీస్తోంది అనుకుందాం. ఈ-1కు అనుమతించిన తేడా పది లక్షల్లో 50 భాగాలు. చూడ్డానికి ఏమీ కాదు. ఆ తేడాతోనే 5 మిల్లీసెకన్ల నిల్వ 100 సెకన్లలో ఖాళీ అయిపోతుంది, లేదా పొంగిపోతుంది. బఫర్ ఎంత పెంచినా ప్రమాదం వాయిదా పడుతుందే తప్ప తప్పదు. అదే రెండు చివర్లా సీజియం అణు గడియారాల స్థాయి కచ్చితత్వం ఉంటే, 125 మైక్రోసెకన్ల ఒక్క జారుడుకు 72 రోజులు పడుతుంది. పెద్ద ఎక్స్ఛేంజిలకు అందుకే అంత ఖరీదైన గడియారాల నుంచి లయ అందిస్తారు. పొలం గట్టున టవర్ కింద ఉన్న పెట్టెలో మాత్రం క్వార్ట్జ్ పలుకే ఉంటుంది. దాని వేగం వేడికి మారుతుంది. రోహిణి కార్తెలో ఏసీ ఆగిపోయిన టవర్ గది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీనికి మొదట కనిపెట్టిన ఉపాయం చవకైనది. ఇటు పెట్టె తన బఫర్ మట్టాన్నే చూస్తూ ఉంటుంది. మట్టం పెరుగుతుంటే అటువాళ్ల గడియారం వేగంగా ఉందనుకుని తనదీ కాస్త పెంచుతుంది. తగ్గుతుంటే తగ్గిస్తుంది. బాగానే పనిచేస్తుంది, సాయంత్రం అయ్యేదాకా. ఊరంతా ఐపీఎల్ మ్యాచ్ పెట్టుకున్నాక వరసలు నెమ్మదిగా పెరుగుతాయి, మూటలు రోజూ కంటే కాస్త ఆలస్యంగా వస్తాయి, మట్టం తగ్గుతుంది. అటు గడియారం మారలేదు. కానీ ఇటు పెట్టె మారిందని నమ్మి తన వేగం తగ్గించేస్తుంది. వేగంగా మారే జిట్టర్‌ను సగటు తీసి వడకట్టవచ్చు. గంటల తరబడి సాగే ఈ నిదానపు మార్పును వడకట్టడం కష్టం. కొత్త పెట్టెలు ఇందుకే అన్ని మూటలనూ నమ్మవు. ఏ వరసలోనూ ఆగకుండా దూసుకొచ్చిన అదృష్టవంతులను మాత్రమే ఏరుకుని, వాటిని బట్టి గడియారం దిద్దుకుంటాయి.

మెరుగైన మందులు రెండున్నాయి. ఒకటి, ఈథర్‌నెట్ తీగ మీద బిట్లు పోయే వేగాన్నే మంచి గడియారానికి కట్టేయడం. మూటలు ఉన్నా లేకపోయినా తీగ మీద బిట్ల లయ ఆగదు కాబట్టి రద్దీ దాన్ని కదిలించలేదు. కానీ దారిలో ప్రతి స్విచ్చూ ఆ లయను ముందుకు అందించాలి. ఒక్క పాత స్విచ్ ఉన్నా గొలుసు తెగుతుంది. రెండోది, ఐఈఈఈ 1588 ప్రమాణం. మూటల మీద బయల్దేరిన సమయం, చేరిన సమయం రాసుకుని రెండు చివర్లూ లెక్క చూసుకుంటాయి. 2002లో వచ్చి, 2008లో టెలికాంకు పనికొచ్చేలా మారింది.

టవర్లకు ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. జొన్నాడ వైపు నుంచి గౌతమి వంతెన మీద రావులపాలెం వస్తున్న బస్సులో ఎవరో ఫోన్ మాట్లాడుతున్నారు. వంతెన దాటేలోపు కాల్ ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారాలి. జీఎస్ఎం నియమం ప్రకారం పెద్ద టవర్ తరంగం వంద కోట్లలో 50 భాగాలకు మించి తప్పకూడదు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది 45 హెర్ట్జ్. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు వల్లే తరంగం 50 హెర్ట్జ్ దాకా జరుగుతుంది. ఫోను రెండు తప్పులనూ కలిపి సర్దుకోవాలి. టవర్ వైపు తప్పు హద్దు దాటితే కొత్త టవర్‌ను ఫోను పట్టుకోలేక కాల్ తెగుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తున్నా ఇది జరగొచ్చు.

విద్యుత్ లైన్ల విషయంలో లెక్క ఇంకా కటువు. గౌతమికి ఆవలి వైపు జేగురుపాడు, వేమగిరి గ్యాస్ విద్యుత్ కేంద్రాలున్నాయి. అలాంటి కేంద్రాల నుంచి బయల్దేరే హై ఓల్టేజీ లైన్లకు పెట్టే రక్షణల్లో ఒకటి, రెండు చివర్లా ఒకే క్షణంలో కరెంటు కొలిచి పోల్చుకోవడం. లోపలికి వెళ్లినదీ బయటికి వచ్చినదీ సమానమైతే లైను క్షేమం. తేడా ఉంటే మధ్యలో ఎక్కడో తప్పు జరిగినట్టు, వెంటనే లైను ఆపేయాలి. ఒకే క్షణం అని తెలియడానికి రెండు చివర్లలోని రక్షణ పరికరాలు, అంటే రిలేలు, ఒకదానికొకటి సందేశం పంపి, పోయిరావడానికి పట్టిన సమయంలో సగం ఒకవైపు ఆలస్యమని లెక్కేసుకునే పద్ధతి ఉంది. పోయేదారీ వచ్చేదారీ సమానమని అందులో నమ్మకం. ఎక్కడో జేసీబీ ఫైబర్ తెంపేసిందనుకుందాం. ఒకవైపు సందేశాలు మాత్రమే ఫైబర్ రింగులో రెండోపక్క నుంచి, 200 కిలోమీటర్లు ఎక్కువ చుట్టి రావడం మొదలైంది. తేడా 1 మిల్లీసెకను. సగం లెక్కలో తప్పు అర మిల్లీసెకను. మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు కాబట్టి, అర మిల్లీసెకను అంటే 9 డిగ్రీలు. ఏ తప్పూ లేని లైనులో కూడా రిలేకు 16 శాతం దాకా కరెంటు మాయమైనట్టు కనిపిస్తుంది. రిలే ఎంత సున్నితంగా అమర్చారన్నదాన్ని బట్టి, అది అకారణంగా లైను ఆపేసే దాకా పోవచ్చు. ఇక్కడ ఆలస్యం ఎంతన్నది కాదు ప్రశ్న, రెండువైపులా సమానమా కాదా అన్నదే. కనుక ఇలాంటి సర్క్యూట్లకు రానూపోనూ ఒకే దారి ఉండేలా, తెగితే రెండూ కలిసే మారేలా కట్టుదిట్టం చేస్తారు, లేదా జీపీఎస్ గడియారం పెడతారు.

ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఒక చిన్న విశేషం మిగిలింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఊరూరా కేబుల్ లాగింది. నెలకు 149 రూపాయల మొదటి ప్యాకేజీతో టీవీ, నెట్టు, ఫోను కలిపి ఇచ్చింది. ఇలా ఇళ్లదాకా వచ్చే ఫైబర్‌కు మన దగ్గర విరివిగా వాడే జీపాన్ పద్ధతిలో ఒకే తీగను పదుల ఇళ్లు పంచుకుంటాయి. పై నుంచి కిందికి అందరికీ ఒకే ప్రవాహం. ఇంటి నుంచి పైకి మాత్రం ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే పంపాలి. ఆ వంతులు పంచే ఫ్రేము నిడివి 125 మైక్రోసెకన్లు. పాత టెలిఫోను లయే అది. సర్క్యూట్లు పోయాయనుకున్నా వాటి గడియారం ఇంకా మన ఇంటి గోడకున్న పెట్టెలో కొట్టుకుంటోంది.

వేగం పెరిగినంత మాత్రాన ఈ సమస్యలు పోతాయని నమ్మించే ప్రకటనలు చూస్తే నాకు చిరాకు. వేగం వరసల్ని తగ్గిస్తుంది, గడియారాన్ని దిద్దదు, దారుల్ని సమానం చేయదు. మీ ఇంట్లో కాల్స్ తెగుతుంటే ఒక పని చేయండి. వైఫై మీద కాకుండా, రూటర్‌కు కేబుల్ తగిలించిన కంప్యూటర్‌లో ఏదైనా స్పీడ్ టెస్ట్ పెట్టండి. పెద్ద అంకెను వదిలేసి, పక్కన చిన్నగా కనిపించే పింగ్, జిట్టర్ అంకెలు రాసుకోండి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి. పొద్దున 3 ఉన్న జిట్టర్ రాత్రికి 30 దాటుతుంటే, వంద ఎంబీపీఎస్ ప్లాను నుంచి రెండొందలకు మారినా పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. ఫిర్యాదులో నెట్ స్లో అని రాయకండి, ఆ రెండు అంకెలూ, వేళలూ రాయండి.